పదహారో పేరు

కుక్కుటేశ్వరరావు గారు జీవితంలో ఒక్కసారి కూడా బ్యాటు పట్టుకోలేదు. పిఠాపురంలో చదువుకునే రోజుల్లో ఆటల పీరియడు రాగానే ఏదో ఒక నొప్పి చెప్పి తప్పించుకునేవారట. అలాంటి మనిషి కువైట్ వచ్చి, పంతొమ్మిదేళ్ళుగా కంపెనీ క్రికెట్ జట్టుకు మేనేజరుగా ఉన్నారు. ఆయనకు ఆ పదవి దక్కడానికి కారణం చేతిరాత. ఇంకేమైనా కారణం ఉందేమోనని నేనూ చాలాకాలం వెతికాను. లేదు.

అల్ రాయ్‌లో మా కంపెనీకి టైర్లు, బండి విడిభాగాల గోడౌను ఉంది. రావుగారు అందులో స్టోర్‌కీపరు. ఎప్పుడో ఒకసారి లీగ్ ఆఫీసువాళ్ళు ఆటగాళ్ళ పేర్లు గంటలో పంపమంటే, మా పెద్ద మేనేజరు ముదీర్ గాభరాపడి, ఎదురుపడ్డ మొదటి మనిషి చేతిలో కాగితం పెట్టాడు. రావుగారు గీతలు కొట్టి, వరస నంబర్లు వేసి, పదహారు పేర్లూ సివిల్ ఐడీ నంబర్లతో సహా ముత్యాల్లా రాసిచ్చారు. ఆ రోజు నుంచి జాబితా ఆయన మెడకు చుట్టుకుంది. ఎవరినైనా తీసేస్తే తిట్లు ఆయనకు, కప్పు గెలిస్తే ఫోటో కెప్టెన్‌కు.

నేను నాగేంద్రప్రసాద్‌ని. మాది రాజోలు దగ్గర. అదే కంపెనీలో ట్రాన్స్‌పోర్టు గుమాస్తాను. మోకాలు పాడయ్యేదాకా వికెట్ కీపింగ్ చేశాను, పాడయ్యాక తొమ్మిదేళ్ళుగా స్కోరు రాస్తున్నాను. మహబూలాలో రావుగారిదీ నాదీ ఒకే గది. ఆయన గురక నాకు అలవాటు, నా విసుగు ఆయనకు అలవాటు.

మాకు రెండు జట్లున్నాయి. మొదటి డివిజన్‌లో ఆడేది ఎ జట్టు, రెండో డివిజన్‌లో ఆడేది బి జట్టు. శుక్రవారం పొద్దున బి ఆట, మధ్యాహ్నం ఎ ఆట, రెండింటికీ స్కోరు నేనే. అక్టోబరులో పదహారు మంది పేర్లు ఎ జాబితాగా లీగ్‌కు ఇవ్వాలి. అందులో పేరున్నవాడు ఇక బి జట్టుకు ఆడకూడదు. పెద్ద కంపెనీలు ఆరితేరినవాళ్ళను కింది డివిజన్‌లోకి దింపి కప్పులు ఎగరేసుకుపోకుండా పెట్టిన నిబంధన అది. మార్పులకు జనవరిలో ఒక్క వారం గడువిస్తారు. అది దాటితే మళ్ళీ అక్టోబరే.

దీనికి తోడు మా కంపెనీ పద్ధతి ఒకటుంది. శుక్రవారం అల్ రాయ్ అంతా బజారు జనంతో కిటకిటలాడుతుంది కాబట్టి లోడింగ్‌వాళ్ళకు ఆ రోజు సెలవుండదు, వారంలో ఇంకెప్పుడో ఇస్తారు. ఎ జాబితాలో ఉన్న పదహారు మందికి మాత్రం శుక్రవారం సెలవు. ఆడినా సెలవే, ఆడకపోయినా సెలవే. బి జట్టువాళ్ళు ఎవరినో బతిమాలి డ్యూటీ మార్చుకుని రావాలి. అందుకని కొందరికి ఆ జాబితా ఆట కాగితం, కొందరికి సెలవు కాగితం. ఆట తెలియని రావుగారికి అది సెలవు కాగితంగానే కనపడేదని నాకు ఆలస్యంగా అర్థమైంది.

జలంధర్ జగిత్యాల జిల్లావాడు, మెట్‌పల్లి దగ్గర పల్లె. ఇరవై ఏళ్ళ వయసులో లోడింగ్ పనికి వచ్చాడు. మాట తక్కువ. ఎడమచేత్తో బంతి వేసేవాడు. క్యాంపు వెనక ఇసుకలో, టేపు చుట్టిన టెన్నిస్ బంతితో వేస్తుంటే చూసి రావుగారికి చెప్పింది నేనే. వచ్చిన రెండో ఏడు బి జట్టుకు ఆడి ముప్పై ఒక్క వికెట్లు తీశాడు. స్కోరు రాసేవాడికి ముఖం చూసే తీరిక ఉండదు, బంతి ఎక్కడ పడిందన్నదే చూస్తాడు. వాడి బంతి ఎక్కడ పడాలో అక్కడే పడేది. అంత సంతోషంగా నేను ఇంకెవరి వికెట్లూ రాయలేదు.

ఆ శుక్రవారాలను వాడు ఎలా సంపాదించుకున్నాడో చెప్పాలి. వాడి ఊరివాడే దేవయ్య అని డెలివరీ బండి మీద ఉండేవాడు. గురువారం జలంధర్ తన డ్యూటీ ముగించి దేవయ్య డ్యూటీ కూడా చేసేవాడు. బదులుగా శుక్రవారం దేవయ్య వీడి డ్యూటీ చేసేవాడు. అంటే పదహారు గంటలు టైర్లు మోసి, మూడు గంటలు పడుకుని, పొద్దున ఆరున్నరకు గ్రౌండ్‌లో ఉండేవాడన్నమాట. ఒకసారి బస్సులో నిద్రపోయి ఎంత తట్టినా లేవలేదు. చివరికి సగం నిద్రలో ఉన్నవాణ్ణి మెట్టు మీద కూర్చోబెట్టి, రావుగారు వంగి బూట్లకు లేసులు కట్టారు. యాభైనాలుగేళ్ళ మనిషి.

పోయిన అక్టోబరులో జాబితా రాసేరోజు ఆ లేసులే ఆయన మనసులో ఉన్నాయి. ఆ నెలలోనే కంపెనీ ఇద్దరు కొత్త బౌలర్లను దింపింది. కాగితాల మీద వాళ్ళు సేల్స్‌మెన్. వాళ్ళు అమ్మిన టైరును మాత్రం ఇంతవరకు ఎవరూ చూడలేదు. వాళ్ళ పేర్లు పద్నాలుగు, పదిహేను నంబర్లలో రాసి రావుగారు కలం ఆపారు.

"పదారో పేరు కాళీగానే ఉంది ప్రసాదూ. జలంధర్‌గాడిని రాసేద్దామా? ఇలా టైర్లు మోసుకుంటా ఆడితే ఆ కుర్రోడు చచ్చిపోతాడయ్యా. ఇందులో ఉంటే హాయిగా పడుకుని వత్తాడు."

"రాసేయండి" అన్నాను నేను. ఆలోచించకుండానే అన్నాను. ఎ జట్టులో ఐదుగురు బౌలర్లున్నారని, కొత్తవాళ్ళిద్దరితో ఏడుగురయ్యారని, ఎనిమిదోవాడికి బంతి ఎవరిస్తారని స్కోరు రాసే నాకు తట్టాలి కదా. తట్టలేదు.

అలా జలంధర్‌కు శుక్రవారం సెలవొచ్చింది. పేరు పైజట్టులోకి ఎక్కిందని వాళ్ళ క్యాంపులో స్వీట్లు పంచారు. ఆ తర్వాత పదకొండు శుక్రవారాలు వాడు తెల్లబట్టలు వేసుకుని వచ్చి, ఓవర్ల మధ్యలో నీళ్ళసీసాలు మోశాడు. పన్నెండోవాడు కూడా కాదు, పదమూడోవాడు. నా పుస్తకంలో వారం వారం వాడి పేరు రాసేవాణ్ణి, పక్కన ఏమీ ఉండేది కాదు. కెప్టెన్ ఇమ్తియాజ్‌ను ఒకసారి కదిపాను. అతనిది రాయచోటి, మంచివాడే.

"పిల్లోడు బాగానే ఏస్తాడన్నా, నాకు తెల్దా? పైనోళ్ళు వీసా ఇచ్చి తెచ్చినోళ్ళను కూసోబెట్టి ఈ పిల్లోణ్ణి ఆడిస్తే, ఓడినపొద్దు ముదీర్ నన్ను కదా నిలదీసేది."

అందులో తప్పు పట్టడానికేముంది? నా పుస్తకం దగ్గరికి తిరిగొచ్చేశాను.

డిసెంబరు చివర్లో ఒక సాయంత్రం జలంధర్ మా గదికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఫోను తీసి రావుగారికి ఒక నోటీసు చూపించాడు. కువైట్ దేశపు జట్టు కోసం కొత్త బౌలర్లను ఎంపిక శిబిరానికి పిలుస్తున్నారు. కువైట్‌లో మూడేళ్ళు పూర్తయి ఉండాలి. ఇరవైనాలుగేళ్ళు నిండకూడదు. ఈ సీజన్‌లో, ఏ డివిజన్‌లోనైనా సరే, నలభై ఓవర్లు వేసి ఉండాలి. మార్చి రెండో వారంలోపు కాగితాలు అందాలి. జలంధర్‌కు జనవరితో మూడేళ్ళు పూర్తవుతాయి. జూన్‌లో ఇరవైనాలుగు నిండుతాయి. వాడికి ఉన్నది ఈ ఒక్క ఏడాదే.

"రావు సార్, నన్ను కింది టీముల రాయుండ్రి" అన్నాడు.

"కిందకి పోతే శుక్రవారం సెలవు పోద్ది కదరా. ఇప్పుడు సుబ్బరంగా నిద్రపోతన్నావు కదా."

"నిద్రైతే మంచిగనే పోతున్న సార్. బాలే ఏస్తలేను."

రావుగారి ముఖం చూడలేకపోయాను. మూడు నెలలుగా ఆయన వాణ్ణి చూసి మురిసిపోతున్నారు. కళ్ళ కింద నలుపు తగ్గిందని, బుగ్గలు కాస్త నిండాయని నాకు చెబుతూ ఉండేవారు. ఆయన చేసిన మేలు అదే. ఆ మేలే వాడి పీక మీద కూర్చుందని అప్పటిదాకా ఆయనకు ఎవరూ చెప్పలేదు, వాడితో సహా.

"ముందే చెప్పొచ్చు కదరా" అన్నారు.

"మీరు పావురంగ, ప్రేమతోని రాసిండ్రు సార్. ఎట్ల చెప్పాలె?"

వాడు వెళ్ళాక రావుగారు తలుపు వేసి వచ్చారు. "స్టోర్లో బేరింగు పెట్టి మర్చిపోయామనుకో, పదేళ్ళకి తీసినా తిరుగుద్ది. మనిషి అలా కాదని నాకు తోచలేదు ప్రసాదూ" అన్నారు. నేను క్యాలెండరు తీసి లెక్క చూశాను. జనవరి గడువులో పేరు కిందికి మారిస్తే, కాగితాలు పంపేలోపు ఎనిమిది శుక్రవారాలుంటాయి. బి జట్టు ఆటలో ఒక బౌలరు ఐదు ఓవర్లకు మించి వేయకూడదు. ఎనిమిదైదులు నలభై. సరిగ్గా నలభై. ఒక్క బంతి కూడా మిగలదు.

పేరు మార్చడం తేలికే. సెలవు దగ్గర బండి ఆగింది. దేవయ్య అప్పటికే ఉద్యోగం ఖలాస్ చేసుకుని ఊరెళ్ళిపోయాడు, శుక్రవారం డ్యూటీ మార్చుకునే మనిషి ఇంకొకడు లేడు. జాబితాలో లేనివాడికి సెలవు కుదరదని టైంకీపరు తేల్చేశాడు. రావుగారు మూడు రోజులు అతని బల్ల చుట్టూ తిరిగారు. చివరికి మార్చిదాకా జలంధర్‌ను స్టోర్ హెల్పరుగా తన కిందికి రాయించుకున్నారు. స్టోర్‌లో శుక్రవారం ఒక మనిషి ఉంటే చాలు. ఆ మనిషి తానే అయ్యారు.

చెప్పడానికి చిన్న మాటే. కానీ ఆ మనిషికి వారంలో శుక్రవారం తప్ప ఇంకేం ఉంది? ఆట తెలియదు గానీ, గ్రౌండ్ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని, ఎవడు అవుటైనా "అయ్యో" అనుకుంటూ కూర్చోవడమే ఆయనకు పండగ. పంతొమ్మిదేళ్ళలో ఊరెళ్ళిన రోజులు తప్ప ఒక్క శుక్రవారం మానలేదు. అలాంటిది ఎనిమిది శుక్రవారాలు అల్ రాయ్ గోడౌనులో తలుపులు తీసుకుని ఒంటరిగా కూర్చున్నారు. ఆట అవగానే ఫోను చేసేవారు. "ఎన్ని?" అని ఒక్క మాటే. "ఐదు" అంటే "సరే" అని పెట్టేసేవారు. వికెట్లెన్నో, గెలిచామో ఓడామో ఏమీ అడగలేదు.

మొదటి వారం ఐదు. మూడు నెలలు బంతి పట్టని చెయ్యి కదా, మొదట్లో అటూ ఇటూ పోయింది. రెండో వారం ఐదు. దారిలో పడ్డాడు.

మూడో వారం ఎదుటిజట్టు ఎనిమిది మందితో దిగింది. మిగతావాళ్ళకు డ్యూటీలు పడ్డాయట. రెండో డివిజన్‌లో ఇది మామూలే. ఎనిమిది మందంటే ఏడు వికెట్లు పడితే ఆట అయిపోయినట్టే. అంత త్వరగా అయిపోతే వాడికి ఐదు ఓవర్లు పడవని నాకు అప్పుడే తట్టింది. జలంధర్ మొదటి ఓవర్లోనే ఇద్దర్ని పంపేశాడు. మావాళ్ళు ఎగిరి గంతులేశారు. మూడో ఓవర్లో ఇంకొకణ్ణి తీశాడు. అవతలి ఎండ్ నుంచి మా రెండో బౌలరు ఒకణ్ణి తీశాడు. నేను కలం పక్కనపెట్టి బౌండరీ దాకా నడిచి వెళ్ళాను. స్కోరరు అలా వెళ్ళకూడదు.

"ఒరే జలంధరూ, కాస్త బయటికి వెయ్యరా. ఆట సాగనీ" అన్నాను.

వాడు నా వంక చూశాడు. అర్థమైంది వాడికి. తలూపి వెళ్ళాడు కూడా. ఐదో ఓవరు మొత్తం ఆఫ్ స్టంపుకు బయటే వేశాడు. ఆ మాత్రం బంతికి కూడా ఒకడు వెళ్ళి బ్యాటు పెట్టి క్యాచ్ ఇచ్చాడు. ఆరో ఓవర్లో అవతలి బౌలరు ఇంకొకణ్ణి తీశాడు. ఏడో ఓవరు చివరి బంతికి ఆఖరివాడి మిడిల్ స్టంపు లేచిపోయింది. ఆట ఖలాస్. ఐదు వికెట్లు. నాలుగు ఓవర్లు. జట్టంతా వాణ్ణి భుజాలమీదికి ఎత్తుకుంది. వాడు నవ్వలేదు. తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఆఖరి బాల్ గట్ల ఏసినవేందిరా అంటరు కదా సార్. చెడగ ఏసుడు నాకు రాదు" అన్నాడు.

ఫోను మోగింది.

"ఎన్ని?"

"నాలుగు."

"నాలుగా?"

"ఐదు వికెట్లు తీశాడు రావుగారూ."

"అది అడగలేదయ్యా నేను" అని పెట్టేశారు.

మిగిలిన ఐదు వారాలూ ఐదేసి ఓవర్లు వేశాడు. ఫిబ్రవరిలో ఒకరోజు దుమ్ము లేచి ఆట గంట ఆలస్యమైనా ఆగలేదు. ఎనిమిదో శుక్రవారం మధ్యాహ్నం పుస్తకం కూడితే ముప్పై తొమ్మిది. రెండుసార్లు కూడి చూశాను, ఏదైనా ఓవరు రాయడం మర్చిపోయానేమోనని. మర్చిపోలేదు.

ఆ సాయంత్రం రావుగారు గోడౌను నుంచి వచ్చి, చొక్కా కూడా మార్చకుండా నా మంచం దగ్గర కూర్చున్నారు. "నవంబర్లో ఎ జట్టు ఆట ఒకటుంది కదా, మనం సుబ్బరంగా గెలిచింది. అందులో ఆణ్ణి పదకొండు మందిలో చూపించి, ఇమ్తియాజ్ ఓవరొకటి ఆ కుర్రోడి పేరున రాసెయ్యి. ఇమ్తియాజ్‌ని అడిగాను. సరేనన్నాడు" అన్నారు.

నేను లేచి కూర్చున్నాను. "ఎవరు చెప్పేది ఈ మాట? మీరేనా?"

"నేనే."

"బయటపడితే వాడి పేరు ఇక ఏ జట్టులోనూ ఉండదు రావుగారూ."

"ఒక్క ఓవరు ఎవడు చూత్తాడయ్యా?"

"నేను చూస్తాను. తొమ్మిదేళ్ళలో జరగనిది ఒక్క బంతి కూడా రాయలేదు."

"నేనూ అంతే కదయ్యా. ఇరవైరెండేళ్ళలో స్టోర్లో లేంది ఒక్కటీ రాయలేదు. నీకు తెలీదేంటి? ఇప్పుడు రాద్దావంటన్నాను." ఆయన స్కోరు పుస్తకం నా ఒళ్ళోకి తోశారు. "నేను చేసిన తప్పుకి ఆడి ఓవరొకటి తగ్గింది. దాన్ని దిద్దుకోనివ్వవా?"

నేను రాయలేదు. వాడి మంచి కోసమే రాయలేదని ఆయనకు చెప్పాను. అది సగం నిజం. మిగతా సగం నా పంతం. ఇవాళ్టికీ సరిగ్గా చేశానో లేదో నాకు తెలియదు. పొద్దున్నే లేచి రావుగారు దరఖాస్తులో ముప్పై తొమ్మిది అనే రాశారు. దానికి తోడు, ఒక ఓవరు ఎందుకు తగ్గిందో వివరిస్తూ తన అందమైన చేతిరాతతో పేజీన్నర ఉత్తరం రాసి జతపెట్టారు. తప్పంతా తనదేనని రాసి కింద సంతకం చేశారు. ఆ ఉత్తరానికి జవాబు రాలేదు. ఏప్రిల్‌లో శిబిరానికి ఎంపికైనవాళ్ళ పేర్లు వచ్చాయి. వాటిలో జలంధర్ లేడు. ఆ పాటికే టైంకీపరు వాణ్ణి తిరిగి లోడింగ్‌కు పంపేశాడు.

ఎండాకాలం గడిచింది. ఈ అక్టోబరులో మళ్ళీ జాబితా వేళైంది. కంపెనీ ఈసారి ముగ్గురు కొత్తవాళ్ళను తెచ్చింది, వీళ్ళూ సేల్స్‌మెన్లే. రావుగారు కాగితం మీద గీతలు కొట్టుకుని, రాయడం మొదలుపెట్టకుండా జలంధర్‌ను పిలిపించారు. అన్నేళ్ళలో నీ పేరు ఎక్కడ రాయమంటావని ఆయన ఒక ఆటగాణ్ణి అడగడం అదే మొదటిసారి.

"ఎ జట్టులో రాయమంటే రాత్తాను. కిందైతే కింద. సెలవు సంగతి నేను చూసుకుంటాను. మళ్ళీ స్టోర్లో కూచుంటాను, నాకేం పర్లేదు. నువ్వు చెప్పు నాన్నా."

జలంధర్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. బాగా ఒళ్ళు చేశాడు. ఎడమ అరచేతిలో మునుపున్న కాయలు బంతివి, ఇప్పుడున్నవి టైర్లవి.

"ఏడ రాయకుండ్రి సార్" అన్నాడు. "శుక్రారం డ్యూటీ చేస్త. బుధారం సెలవిస్తరు కదా, పండుకుంట."

"అదేంట్రా? ఆట మానేత్తావా?"

"యాష్టకొచ్చింది సార్."

విసుగెత్తిందని దాని అర్థం, కానీ వాడి గొంతులో విసుగు లేదు, కోపం లేదు. ఉంటే బాగుండేది. ఇరవైనాలుగేళ్ళవాడు, నేను మోకాలు పోయాక అన్నట్టు అన్నాడు. రావుగారు చేతిలో కలం పట్టుకుని, వాడు ఇంకా ఏదో అంటాడేమోనని చూస్తున్నారు. వాడు "వస్త సార్" అని మర్యాదగా చెప్పి, చెప్పులు తొడుక్కుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

పదహారు పేర్లూ నింపి తీరాలి కాబట్టి రావుగారు ఇంకెవరిదో పేరు రాశారు. రాశాక కాగితం నా వైపు తిప్పి, నంబర్లు సరిచూడమన్నారు. చూస్తుంటే అన్నారు, "నేనే చెడగొట్టాను ప్రసాదూ ఆ కుర్రాణ్ణి."

కాదంటానని ఎదురుచూశారు. పదకొండేళ్ళు ఒకే గదిలో ఉన్నవాడు ఆ మాత్రం అనాలి. పదకొండు శుక్రవారాలు వాడి పేరు పక్కన ఖాళీగా వదిలేసినవాణ్ణి నేను. ఒక్క ఓవరు రాయనన్నవాణ్ణీ నేనే.

"ఇద్దరం రావుగారూ" అన్నాను.

ఆయన తలూపి, కాగితం మడతపెట్టి కవరులో పెట్టుకున్నారు.